మచ్చులో తాలు కాయ

నా విజిటింగ్ కార్డు మీద ఉద్యోగం పేరు ఇంగ్లీషులో రెండు వరుసలు ఉండేది. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే మాత్రం మా ఆవిడ, "మిరపకాయలు కొనేవాళ్లతో ఫోన్లో మాట్లాడుతుంటారండీ" అని చెప్పేది. ఆ రెండు వరుసల కంటే ఆమె మాటే నిజానికి దగ్గర. గుంటూరులో ఎండుమిర్చి కొని బయట ఊళ్లకు పంపే ఒక కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పొలం నాది కాదు, కాయ నాది కాదు, లారీ నాది కాదు. మధ్యలో ఉన్న మాట ఒక్కటే నాది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "సార్, బిజినెస్ రిలేషన్స్ ఎలా పెంచుకోవాలి?" అని. చిట్కాలు చెబుతానని వాళ్ల ఆశ. నా దగ్గర చిట్కాలు లేవు. మాట్లాడినందుకు జీతం తీసుకునే మనిషికి నోట మాట రాని సందర్భాలు మాత్రం కొన్ని ఉన్నాయి. నేర్చుకున్నదేదో అప్పుడే నేర్చుకున్నాను. గలగలా మాట్లాడిన రోజుల్లో ఎదుటివాళ్లు ఏమైనా నేర్చుకున్నారేమో నాకు తెలియదు.

పెద్దాయన పొట్లం

ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, లెక్చరర్ ఉద్యోగం దొరక్క మిర్చిలోకి వచ్చాను. మా ఓనరు రాఘవయ్య గారిని అందరూ పెద్దాయన అనేవాళ్లు. మొదటి వారంలో నాకు అప్పజెప్పిన పని మచ్చు కట్టడం. మచ్చు అంటే ఏం లేదు, పంపబోయే సరుకులోంచి గుప్పెడు కాయలు తీసి పొట్లం కట్టి, కొనే పార్టీకి ముందుగా పంపడం. అది చూసి వాళ్లు ఊ అంటే సరుకు లారీ ఎక్కుతుంది.

చదువుకున్నవాణ్ని కదా, పని శ్రద్ధగా చేశాను. మెడలో తువ్వాలు ముక్కుకి చుట్టుకుని, బస్తా అంతా వెతికి, పొడుగ్గా, ఎర్రగా, నిగనిగలాడే కాయలే ఏరాను. పెళ్లిచూపులకి అమ్మాయిని తయారు చేసినట్టు పొట్లం కట్టి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన పొట్లం విప్పి చూసి, లేచి వెళ్లి, అదే బస్తాలోంచి రెండు తాలు కాయలు తెచ్చాడు. రంగుపోయి, తెల్లబడి, పాలిపోయిన కాయని తాలు అంటారు. ఆ రెంటినీ అడుగున కాదు, సరిగ్గా పైన పెట్టాడు.

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, "అదేంటండీ, పాడు చేస్తున్నారు?" అన్నాను.

"పాడు చెయ్యట్లేదురా, చెబుతున్నా. బస్తాలో తాలు ఉందా లేదా?"

"ఉందండి. కానీ కొంచెమేగా."

"పార్టీ పొట్లం విప్పగానే ఏం వెతుకుతాడో తెలుసా? తాలే వెతుకుతాడు. కనపడిందనుకో, 'ఓహో, ఇంతేగా' అనుకుంటాడు. కనపడలేదనుకో, లారీ వచ్చి బస్తా విప్పేదాకా వాడికి నిద్రుండదు. మనకి డబ్బులిచ్చే మనిషిరా వాడు. నిద్రపోనీ."

విశ్వవిద్యాలయంలో అలంకార శాస్త్రం మీద నేను రాసిన పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఈ అలంకారం మాత్రం సిలబస్‌లో లేదు.

పొన్నూరు గొంతు

హైదరాబాదులో పచ్చళ్ల కార్ఖానా నడిపే సుభద్రమ్మ గారు మాకు పార్టీ అయింది ఒక్క ఫోను కాల్‌తో. ఆవిడ పొన్నూరు బియ్యం మిల్లు వాళ్లమ్మాయి. మిల్లు శబ్దంలో పెరిగిన గొంతు కాబట్టి, ఆవిడ ఫోను చేస్తే మా ఆఫీసులో స్పీకర్ నొక్కే అవసరం ఉండేది కాదు.

మొదటిసారి ఫోను చేసి, అంతకుముందు కాయలు పంపినవాడు ఎంత మోసం చేశాడో మొదలుపెట్టింది. వాడి గురించి, వాడి బావమరిది గురించి, వాళ్ల లారీ డ్రైవరు గురించి, చివరికి ఆ లారీకి కట్టిన నిమ్మకాయల గురించి కూడా చెప్పింది. మా కంపెనీ గొప్పలన్నీ వరుసగా నోట్లో సిద్ధం చేసుకుని కూర్చున్నాను. సందు దొరకలేదు. "ఊ", "అలాగాండీ", "అయ్యో". నా వాగ్ధాటి మొత్తం ఇంతే.

ఆఖర్న ఆవిడ, "మీరు చక్కగా మాట్లాడతారండీ ప్రభాకర్ గారూ. మచ్చు పంపండి" అని ఫోను పెట్టేసింది.

నేను రిసీవరు పట్టుకుని అలాగే కూర్చున్నాను. అంత మెచ్చుకోలు నేను నిజంగా మాట్లాడినప్పుడు ఎవరూ ఇవ్వలేదు.

మచ్చు పంపాను, పైన తాలు కాయలతో. మర్నాడు ఫోను. "పొట్లంలో తాలు పెట్టారేంటండీ?" "బస్తాలో ఉంది కాబట్టి పెట్టామండీ." అవతల నిశ్శబ్దం. సుభద్రమ్మ గారి దగ్గర నిశ్శబ్దం నేను విన్నది అదే మొదటిసారి. తర్వాత, "సరే, లారీ పంపండి" అంది.

ఆ రోజు నుంచి ప్రతి మామిడికాయల కాలానికీ ఆవిడ కాయలు మా దగ్గరే. ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకసారి సీజను అయిపోయాక ఊరికే ఫోను చేశాను. "పచ్చళ్లు ఎలా వచ్చాయండీ?" అని అడిగితే, "ఏం కావాలి?" అంది. "ఏం వద్దండీ, ఊరికే." "ఏదో దాస్తున్నారు" అని అనుమానంగా పెట్టేసింది. ఆ తర్వాత కూడా ఏటా ఊరికే చేస్తూనే ఉన్నాను. ఆ అనుమానం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. పోయాక మాత్రం ఆవిడే ఊరికే చేసేది. వ్యాపార సంబంధం అంటే ఏమిటని నన్నడిగితే, పని లేనప్పుడు కూడా ఎత్తే ఫోను అంటాను. ఇంతకంటే గొప్పగా చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

తెలియనివాళ్ల శుభాకాంక్షలు

పెద్దాయన పోయాక వాళ్లబ్బాయి చైతన్య బాధ్యత తీసుకున్నాడు. మంచివాడు. కాకపోతే ప్రతి విషయానికీ ఒక బొమ్మ గీసి, బాణాలు పెట్టి చెప్పేవాడు. మనం ఆన్‌లైన్‌లో కనపడాలి అన్నాడు. కనపడ్డాను.

ఉద్యోగస్తుల సైటు ఒకదాంట్లో నా ఫొటో పెట్టారు. వారం తిరక్కముందే ఎప్పుడూ చూడని ఒకాయన, నాకు "నాయకత్వ లక్షణాలు" ఉన్నాయని అందరికీ ధ్రువీకరించాడు. మా ఆవిడకి చూపిస్తే, "ఎవరో ఏమిటో, ఒకసారి ఇంటికి పిలవండి" అంది. మిర్చి యార్డులో నాతో గొడవపడి, పదేళ్లుగా ఎదురుపడితే మొహం తిప్పుకునే మనిషి నుంచి నా ఉద్యోగ వార్షికోత్సవానికి అభినందనలు వచ్చాయి. కరిగిపోయి మర్నాడు నవ్వుతూ పలకరించాను. మళ్లీ మొహం తిప్పుకున్నాడు. అభినందించింది ఆయన కాదు, ఆయన ఫోను. వాళ్లిద్దరికీ నా విషయంలో ఏకాభిప్రాయం లేదు.

ఈ పని చూడటానికి ప్రణీత అనే అమ్మాయిని తీసుకున్నారు. బ్రాడీపేటలో టీచరు గారమ్మాయి. స్కూటర్ మీద వచ్చేది. మొదటి రోజే నా మెసేజీలు చూసి, "సార్, మీరు ప్రతి మెసేజీ చివరా ఫుల్‌స్టాప్ పెడుతున్నారు" అంది.

"వాక్యం అయిపోయిందమ్మా."

"అవతలివాళ్లు మీకు కోపం వచ్చిందనుకుంటున్నారు సార్."

అన్నేళ్లుగా ఎంతమందిని అలా బెదరగొట్టానో తలుచుకుంటే గుండె జారింది. ఆ సాయంత్రం చుక్కలన్నీ మానేశాను.

ఆన్‌లైన్ వల్ల ఉపయోగం లేదని చెప్పే ముసలివాళ్లలో నన్ను కలపకండి. నేను ఉత్తరాలు రాసి, రైలెక్కి తిరిగి సంపాదించిన పార్టీల కంటే ప్రణీత కుర్చీలోంచి కదలకుండా సంపాదించినవే ఎక్కువ. ఎవరికి గొంతు పంపాలో, ఎవరికి రాసి పంపాలో, ఎవరిని వదిలేయాలో ఆ అమ్మాయికి తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఫోనులో గ్రూపు అంటే యార్డు ముందు టీ కొట్టు లాంటిది. అక్కడ ఒకరితో అన్న మాట అందరికీ వినపడుతుంది. తేడా ఏమిటంటే, టీ కొట్టులో అన్న మాట సాయంత్రానికి చెదిరిపోతుంది. గ్రూపులో అలాగే ఉంటుంది.

రెండు రాష్ట్రాల్లో పచ్చళ్లు పట్టేవాళ్లకి అలాంటి గ్రూపు ఒకటుండేది. మా పార్టీల్లో ముప్పాతిక మంది అందులోనే ఉన్నారు. దాని అడ్మిన్ సుభద్రమ్మ గారు. మమ్మల్ని అందులో చేర్చింది ఆవిడే.

ఫోనుకి నచ్చిన కాయలు

ఎండలు ముదిరాయి. యార్డుకి వేసవి సెలవులు. ఆ రోజుల్లో సరుకంతా కోల్డ్ స్టోరేజీల్లోంచే వస్తుంది. దాన్ని ఏసీ సరుకు అంటాం. పోయినేడాది కాయ కూడా చెడిపోకుండా ఉంటుంది గానీ, రంగు కొంచెం దిగుతుంది. ఆవకాయకి రంగే ప్రాణమని మీకు చెప్పక్కర్లేదు.

సుభద్రమ్మ గారు కాయలకి మచ్చు అడిగింది. పొట్లం కట్టి బస్సులో వేద్దామన్నాను. "ఫొటో పెట్టెయ్యండి అంకుల్, ఇంకా పొట్లాలేంటి" అని చైతన్య నవ్వాడు. అప్పుడే ప్రణీత కొత్త ఫోను కొంది. మా దగ్గరున్న పోయినేడాది లాటులోంచి దోసెడు కాయలు చేతిలోకి తీసుకుని ఫొటో తీసి పంపింది. నాకూ చూపించింది. బ్రహ్మాండంగా ఉంది.

"ఏసీ సరుకులో ఇంత రంగా!" అని సుభద్రమ్మ గారి వాయిస్ మెసేజ్. ఆవిడ ఆశ్చర్యంలో ఆనందమే వినపడింది మాకు. లారీ వెళ్లింది.

మర్నాడు పొద్దున ప్రణీత నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఫోను చేతికిచ్చింది. పచ్చళ్లవాళ్ల గ్రూపులో, అందరూ వినేలా, పొన్నూరు గొంతు:

"అందరూ వినండి. నేను ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకున్న గుంటూరు వాళ్లు ఫొటోలో కుంకుమ చూపించి లారీలో ఇటుక పొడి పంపారు. ఇక్కడ మామిడికాయ ముక్కలు కొట్టి, తుడిచి, ఆరబెట్టుకుని కూర్చున్నాను. రేపు మధ్యాహ్నం దాటితే మెత్తబడిపోతాయి. నా సీజను పోయినట్టే. మీరు జాగ్రత్తగా ఉండండి."

నేను రెండుసార్లు విన్నాను. తప్పు విన్నానేమోనని కాదు, ఒప్పు విన్నానేమోనని. ఇటుక పొడి అనే మాట మా వ్యాపారంలో ఎవరూ ఊరికే అనరు. కారంలో కల్తీ చేసేవాణ్ని అంటారు. ఆవిడ ముక్కలు మెత్తబడేలోపు ఆ మాట వెనక్కి రాకపోతే, పెద్దాయన పొట్లం పొట్లంగా కట్టిన పేరు గ్రూపులో అందరి ముందూ పోతుంది.

ఆవిడకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. పని లేనప్పుడు కూడా ఎత్తే ఫోను అని పైన రాశాను కదా. అది మోగి మోగి ఆగిపోతుంటే చెవి దగ్గర చల్లగా అనిపించింది.

ఏం జరిగిందో ప్రణీతే కనిపెట్టింది. మిగిలిన కాయల పక్కన ఫోను పెట్టి చూసింది. తెర మీద ఒక రంగు, బల్ల మీద ఇంకో రంగు. "సార్... ఇది తిండి వస్తువని ఫోను గుర్తుపట్టింది. నోరూరాలని దానంతటదే ఎరుపు పెంచింది."

నాకు నోట మాట రాలేదు. మేమంతా దాన్ని సరుకుగానే చూశాం. తిండిగా చూసింది ఆ ఫోను ఒక్కటే.

పాత ఫోను

చైతన్య ఇంగ్లీషులో ఒక ప్రకటన రాసి తెచ్చాడు. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, ఏసీ సరుకని ముందే చెప్పి అమ్మామని, రంగు చూసేవారి కంటిని బట్టి ఉంటుందని. వ్యాకరణం చూడమన్నాడు. వ్యాకరణం బాగానే ఉంది.

"గ్రూపులో మాత్రం ఇప్పుడే పెట్టకు బాబూ" అన్నాను.

"మరి ఏం చేద్దాం అంకుల్?"

"ఈ ఏడాది కాయ ఉన్న కోల్డ్ స్టోరేజీకి వెళ్లొస్తాం. ముందు లారీకి సరుకు చూడాలి."

ప్రణీత స్కూటర్ వెనక కూర్చుని బయల్దేరాను. దారిలో, "పెద్దాయనైతే ఏం చేసేవారు సార్?" అని అడిగింది. పొట్లం కథ చెప్పాను. ఎండలో, హెల్మెట్ వెనక నుంచి, అరుస్తూ. ఆ అమ్మాయి దారి చూస్తూ బండి నడుపుతోంది. వినపడలేదేమో అనుకున్నాను.

కోల్డ్ స్టోరేజీ దగ్గర పోయినేడాది బస్తా ఒకటి, ఈ ఏడాది బస్తా ఒకటి ఎండలోకి తీయించింది. పక్కపక్కన మూతులు కోయించింది. తర్వాత నా వైపు చెయ్యి చాపి, "సార్, మీ ఫోను ఇవ్వండి" అంది.

"నాది పాతదమ్మా. దానికేం తెలివి లేదు."

"అందుకే సార్."

కెమెరా తెరిచి, ఫోను మళ్లీ నా చేతిలోనే పెట్టి, వీడియో తీయమని, తను బస్తాల మధ్య నిలబడింది. చైతన్యని అడగలేదు. నన్నూ అడగలేదు. గ్రూపులోకి నేరుగా మాట్లాడింది.

"నమస్కారమండీ, నేను ప్రణీతనండి. సుభద్రమ్మ గారికి ఆ ఫొటో పంపింది నేనే. ఆ ఫోను రంగు పెంచింది, నేను కాయతో పోల్చి చూసుకోకుండా పంపేశాను. ఆవిడ రంగు గురించి అన్నది నిజమండీ. ఇదిగోండి, ఆ లాటు. అసలు రంగు ఇది. పోయినేడాది కాయ. ఇటుక పొడి మాత్రం కాదండీ. ఇది ఈ ఏడాది లాటు. దీన్ని ఇప్పుడే లారీ ఎక్కిస్తాం, ఆవిడ ఊ అంటే. ఇందులో కూడా తాలు ఉందండీ. ఇదిగో... ఇదొకటి. ఇదిగో, ఇంకోటి..."

తాలు కాయ కెమెరా దగ్గరికి తెచ్చి, చూపించడానికి విరిచింది. అప్పుడొచ్చాయి తుమ్ములు. ఒకటి కాదు. తువ్వాలు లేకుండా మిర్చి బస్తాలో తలపెట్టిన మనిషికి ఎన్ని రావాలో అన్నీ వచ్చాయి. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "అంతేనండీ" అని, మళ్లీ తుమ్మి, ఆపమని నాకు చేత్తో సైగ చేసింది.

పంపేశాక గానీ తను చేసిన పని తనకి అర్థం కాలేదు. "సార్, నా ఉద్యోగం పోతుందేమో" అంది. అప్పుడే చైతన్య ఫోను. "ఎవరు పెట్టమన్నారు అంకుల్ ఆ వీడియో?"

"పెద్దాయన" అన్నాను.

చైతన్య ఫోను పెట్టేశాడు. ఆఫీసులో అతను కూర్చునే కుర్చీకి ఎదురుగానే దండ వేసిన పెద్దాయన ఫొటో ఉంటుంది.

గ్రూపులో వీడియో చూసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. అందరూ చూస్తున్నారు, ఒక్కరూ మాట్లాడట్లేదు. హమాలీలు బస్తాల పక్కన కూర్చుని మా మొహాలు చూస్తున్నారు. మేము ఆ ఫోను వైపు చూసినట్టు పరీక్ష ఫలితాల వైపు కూడా ఎవరూ చూసి ఉండరు.

ఆఖరికి పొన్నూరు గొంతు వచ్చింది. గ్రూపులోనే, అందరికీ.

"ఫొటోకి రంగు వేస్తారు సరే. తుమ్ముకి ఎవరూ రంగు వెయ్యలేరుగా. ఇటుక పొడి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏమ్మా ప్రణీతా, ముందు మొహం కడుక్కో. తర్వాత లారీ ఎక్కించు. ముక్కలు రేపు మధ్యాహ్నం దాకానే ఆగుతాయి."

ప్రణీత నవ్వబోయి తుమ్మింది. బస్తాలు లేచాయి. లారీ తెల్లారేసరికి హైదరాబాదు చేరింది. ఆవకాయ కలిసింది. ఆ వారంలోనే గ్రూపులో ఇంకో ఇద్దరు కాయలు అడిగారు. ఒకాయన మాత్రం, "తుమ్ము వీడియో కూడా పంపండి" అని షరతు పెట్టాడు. ఆయన హాస్యానికి అన్నాడనుకున్నాం. కాదు.

అప్పట్నుంచి మా కంపెనీలో ఒక పద్ధతి వచ్చింది. ఫొటోలో తాలు కాయ ముందు కనపడాలి, ఎర్ర కాయ వెనక. చైతన్య దానికి కూడా బాణాలు పెట్టి బొమ్మ గీశాడు. నేను అడ్డు చెప్పలేదు.

రెండు జాడీలు

మొదటి లారీ కాయలు సుభద్రమ్మ గారు వెనక్కి పంపలేదు. ఏం చేశారని నేనూ అడగలేదు. కొన్ని విషయాలు అడక్కపోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

ఆ ఏడే నా రిటైర్మెంట్. ఆఫీసులో శాలువా కప్పారు. తెలియనివాళ్లు చాలామంది ఫోనులో పూలగుత్తులు పంపారు. సాయంత్రం బస్సు పార్సిల్‌లో ఒక అట్టపెట్టె వచ్చింది, హైదరాబాదు నుంచి. అందులో రెండు ఆవకాయ జాడీలు. ఒకటి ఎర్రగా, చూడగానే నోరూరేట్టు. రెండోది మట్టి రంగులో, పాలిపోయి ఉంది. వెనకాలే వాయిస్ మెసేజ్, నా ఒక్కడికే.

"ప్రభాకర్ గారూ, ఎర్రది మీ రెండో లారీ కాయ. అది కొట్లో ఎవరికైనా దొరుకుద్ది. రెండోది మొదటి లారీ కాయ. అది అమ్మలేదు, ఎవరికీ చూపించలేదు. మా ఇంట్లో తింటున్నాం. బాగున్నది ఊరందరికీ పంపుతానండీ. బాగోనిది మీకు ఒక్కరికే పంపుతున్నా. రుచి మాత్రం బానే ఉంది. ఆ మాట ఆ రోజు కోపంలో చెప్పలేదు."

జీవితమంతా మచ్చు పంపినవాణ్ని. నాకు ఎవరైనా మచ్చు పంపుతారని, అందులో తాలు పైన పెడతారని నేనెప్పుడూ అనుకోలేదు. జవాబు చెప్పాలని మెసేజ్ బటన్ నొక్కి పట్టుకున్నాను. చాలాసేపు నొక్కే ఉంచాను. నిశ్శబ్దం తప్ప ఏమీ రికార్డు కాలేదు. అదే పంపాను.

రిటైర్మెంటుకని పిల్లలు కొనిచ్చిన కొత్త ఫోను పక్కనే ఉంది. ఆ రెండో జాడీని ఫొటో తీసి ప్రణీతకి పంపుదామనుకున్నాను. తీసి చూస్తే, ఎర్రగా నిగనిగలాడుతోంది.

తుడిపేశాను. ప్రణీతకి ఫోను చేసి, "భోజనానికి రామ్మా, వచ్చి చూడు" అన్నాను.